ఎలీహియా చేతి వేగం

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇతాగ్వా ఊరు ఊరంతా పడుకుంటుంది. పోలీసు కుర్చీలో పడుకుంటాడు, కుక్క లారీ కింద పడుకుంటుంది, ఫాదరు గారు ఎక్కడ పడుకుంటారో ఎవరూ అడగరు. ఎండకి తారు మెత్తబడి చెప్పుని పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. ఆ వేళలో ఒకరి తలుపు కొట్టారంటే చావు కబురు తెచ్చినవాళ్ళైనా అయివుండాలి, బొత్తిగా మర్యాద తెలియనివాళ్ళైనా అయివుండాలి. అందుకే, కంప్యూటర్లు బాగుచేసే సునిల్డా దుకాణం వెనకగదిలో వల ఉయ్యాలలో పడుకుని, ఒక కన్ను తెరిచి, ఆ చప్పుడు తన కలలోదే అయివుంటుందని తేల్చుకుని మళ్ళీ కన్ను మూసేసింది.

చప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి దాని వెనకాలే మాట కూడా వచ్చింది.

"పిల్లా, లోపలే ఉన్నావని నాకు తెలుసు. నీ గురక వీధి చివరికి వినపడుతోంది."

ఆ గొంతు ఊళ్ళో అందరికీ తెలుసు. సునిల్డా జుట్టు ముడేసుకుని వెళ్ళి తలుపు తీసింది. గుమ్మంలో న్యా ఎలీహియా నిలబడి ఉంది. న్యా అంటే ఆ ఊళ్ళో పెద్దావిడని పిలిచే మర్యాద. తలమీద తువ్వాలు, ఎడమచేతికి రొట్టెల బుట్ట. కుడిచెయ్యి మాత్రం ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు పక్కన వేలాడుతోంది. పోయిన చలికాలంలో ఆవిడకి పక్షవాతం తగిలింది. కాలు తొందరగానే తేరుకుంది, నోటికైతే అసలేమీ కాలేదు.

"ఈ ఎండలో ఎందుకొచ్చారు న్యా ఎలీ? సాయంత్రం రాకూడదూ?"

"సాయంత్రమైతే ఊరంతా మేలుకుని ఉంటుంది కదా. ఇప్పుడైతే చూసేవాళ్ళు లేరు." ఆవిడ లోపలికొచ్చి తలుపు తనే గడియ పెట్టింది. బుట్ట మీది గుడ్డ తీసింది. చీపా రొట్టెల కింద దుమ్ముకొట్టుకుపోయిన ఇనపముక్క ఒకటుంది. పాత కంప్యూటరు డిస్కు. "మా అల్లుడి చేత పీకించాను. పెట్టె మీద కన్యమరియ బొమ్మ పెట్టుకున్నాం, దాన్ని కదపలేక లోపలిది మాత్రం తెచ్చాను. ఇందులో నా పువ్వుంది. బయటికి తియ్యి."

ఆ పువ్వేమిటో సునిల్డాకి చెప్పక్కర్లేదు. ఇతాగ్వాలో ఆడవాళ్ళంతా చట్రానికి గుడ్డ బిగించి దానిమీద సాలెగూడు లాంటి లేసు అల్లుతారు. జామపువ్వు అల్లుతారు, చీమలపుట్ట అల్లుతారు, పొయ్యి అల్లుతారు. అవన్నీ అందరివీ. న్యా ఎలీహియాకి మాత్రం తనదంటూ ఒక పువ్వుంది. దాని రేకులు గుడ్డకి అంటుకుని పడి ఉండవు, అప్పుడే నిద్రలేస్తున్నట్టు కొంచెం తలెత్తి ఉంటాయి. అలా ఎలా వస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు. కొని తీసుకెళ్ళి భూతద్దం పెట్టి పోగు పోగూ విప్పినవాళ్ళున్నారు. విప్పేకొద్దీ ముళ్ళు ఒకదాని కింద ఒకటి దాక్కున్నాయే తప్ప, సూది ముందు ఎటు వెళ్ళిందో, తర్వాత ఎటు తిరిగిందో చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. కూతురికి కూడా చెప్పలేదు. ఎవరైనా వస్తున్న అలికిడైతే చాలు, చట్రం బోర్లా వేసేసి వాతావరణం గురించి మాట్లాడేది.

ఒక్క తెయోఫిలో మాస్టారు మాత్రం చూశాడు. ఆయన బళ్ళో లెక్కలు చెప్పేవాడు, సునిల్డాకీ చెప్పాడు. ఊరికి మొదటి కంప్యూటరు తెచ్చుకున్నది ఆయనే. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. ఎలీహియా అల్లుతుంటే పక్కన కూర్చుని ఒక్కో పోగూ ఎటు పోతోందో చూసి, ఆ పువ్వు గీసే ప్రోగ్రాము ఒకటి రాసిపెట్టాడు. ఆయన పోయాక ఆ కంప్యూటరు ఎలీహియా ఇంటికే చేరింది.

"ఆయన్నెలా చూడనిచ్చారు మరి?" అని సునిల్డా అడిగింది.

"ఆయనకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. చూస్తే ఏం కొంప మునిగింది?" అంది న్యా ఎలీహియా. గడియ సరిగ్గా పడిందో లేదో చూసుకుంది. తర్వాత గొంతు తగ్గించి అంది. "మొదలు గుర్తుంది పిల్లా. చివర గుర్తుంది. నడుమ పోయింది. చెయ్యి అక్కడిదాకా వెళ్ళి నిలబడిపోతుంది, వంటింట్లోకెళ్ళి ఎందుకొచ్చానబ్బా అనుకుంటాం చూడు, అలాగ. ఆ జబ్బు నా కుడిచెయ్యి తీసుకుపోయినందుకు బాధలేదు. నా పువ్వు తీసుకుపోయింది."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊరంతటినీ నోటితో ఆడించిన మనిషి అలా నిలబడేసరికి సునిల్డాకి కాదనబుద్ధి కాలేదు. డిస్కు చేతిలోకి తీసుకుంది.

"ఒక షరతు," అంది న్యా ఎలీహియా కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు చూడకూడదు."

"చూడకుండా ఎలా బాగుచేస్తాను?"

"అది నీ తిప్పలు."

డిస్కు ఇంకా బతికే ఉంది. తిరుగుతుంటే లోపల కందిరీగ చిక్కుకున్నట్టు గీపెట్టింది గానీ, ఉన్నదంతా ఇచ్చేసింది. అందులో మాస్టారి మార్కుల పట్టికలున్నాయి, మధ్యలో ఆపేసిన చదరంగం ఆట ఉంది, పువ్వు ప్రోగ్రాము ఉంది. సునిల్డా దాన్ని తన కొత్త కంప్యూటరులో పెడితే, ఇది ఈ మిషను మీద నడవదని అది మొహం మీదే చెప్పేసింది. ఇలాంటి మొండితనాలు సునిల్డాకి కొత్తకాదు. కొత్త మిషను లోపల పాత మిషనులా వేషం కట్టే ప్రోగ్రాము ఒకటుంటుంది. దాన్ని ఎక్కించి, దాని పొట్టలో మాస్టారి ప్రోగ్రాము పెట్టింది. పాతదానికి తను పాత ఇంట్లోనే ఉన్నాననిపిస్తుంది, కొత్తదానికి అభిమానం దెబ్బతినదు.

మర్నాడు మధ్యాహ్నం న్యా ఎలీహియా చట్రం, సూది, దారం తెచ్చుకుని, సూది ఎడమచేత పట్టి తెరముందు కూర్చుంది. సునిల్డా కుర్చీ వెనక్కి తిప్పుకుని గోడవైపు కూర్చుని, మీటలపలక ఒళ్ళో పెట్టుకుంది. తన దుకాణంలో తనే మూల నిలబెట్టిన బడిపిల్లలా కూర్చున్నందుకు ఆమెకి నవ్వొచ్చింది.

"నొక్కుతున్నాను."

"ఊ."

"వచ్చిందా?"

"వచ్చింది." న్యా ఎలీహియా గొంతులో ఉత్సాహం లేదు. "వచ్చి కూర్చుంది. మొత్తం పువ్వు ఒకేసారి. క్యాలెండరు మీద బొమ్మలాగ."

"మంచిదేగా?"

"ఏం మంచి నా తలకాయ. పువ్వు నా పెట్టెలో కూడా ఉంది, బోలెడున్నాయి. నాకు కావల్సింది దారే. అది ఎటునుంచి ఎటు వెళ్ళిందో చూపించాలి."

సునిల్డాకి అప్పుడర్థమైంది. మాస్టారి మిషను నత్తనడక మిషను. ఒక గీత గీసి, ఊపిరి తీసుకుని, ఇంకో గీత గీసేది. ఆ నడకని కొలబద్దగా పెట్టుకుని ఆయన ప్రోగ్రాము రాశాడు. ఆ మిషను మధ్యాహ్నమంతా కూర్చుని చేసే పనిని ఈ మిషను కళ్ళు మూసి తెరిచేలోగా చేసేస్తోంది. ఇన్నేళ్ళుగా తన దుకాణానికి వచ్చిన ప్రతివాడూ నా కంప్యూటరు మెల్లగా నడుస్తోంది మహాప్రభో అని ఏడ్చినవాడే. మెల్లగా నడిపించమని అడిగిన మనిషిని ఇప్పుడే చూస్తోంది.

పాత వేషం కట్టే ప్రోగ్రాములో వేగం తగ్గించే మీట ఉంది. సునిల్డా గోడని చూస్తూ నొక్కడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు?"

"వరద."

"ఇప్పుడు?"

"కొంచెం నయం. ఇంకా మా ఆడపడుచులా పరిగెడుతోంది."

"ఇప్పుడో?"

"ఇంత నత్తని కాదమ్మా నేను. కొంచెం పెంచు. ఆ... చాలు. అలా ఉంచు." కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నట్టుంది. బయట కీచురాళ్ళ రొద తప్ప ఇంకేం వినపడలేదు. "అదీ నా చెయ్యే," అంది న్యా ఎలీహియా. "చూడు, ఆ మూల దగ్గర కొంచెం తటపటాయించింది. నేనూ అక్కడ తటపటాయించేదాన్ని. చూడొద్దులే, ఊరికే అన్నాను."

సునిల్డా వెనక సూది గుడ్డలోంచి దూరి వచ్చే చిన్న చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు వింటూ ఆమె గోడకి తల ఆనించింది. కిటికీ చెక్కల సందులోంచి వెలుతురు బద్దలుబద్దలుగా నేలమీద పడింది, ఆ వెలుతుర్లో దూదిపింజల్లా దుమ్ము తేలుతోంది. ఒక ముసలావిడ తన పాత చెయ్యి వెంట కొత్తగా నడుస్తోంది, కొత్త మిషను పాత మిషనునని నమ్మించుకుంటోంది, తనేమో మేలుకున్నానో నిద్రపోతున్నానో తెలియకుండా ఇద్దరికీ వీపు చూపించి కూర్చుంది. ఈ మధ్యాహ్నం ఇలాగే ఉండిపోయినా బాగుండుననిపించింది సునిల్డాకి.

"ఆగిపోయింది," అంది న్యా ఎలీహియా.

"ఏం కనపడుతోంది?"

"సగం పువ్వు. కింద ఒక మాట."

"ఏ మాట?"

ఆ మాట చెప్పడం రహస్యం బయటపెట్టినట్టవుతుందా కాదా అని ఆవిడ కొంతసేపు ఆలోచించినట్టుంది. "అగయితే," అంది చివరికి.

సునిల్డా నిట్టూర్చింది. గ్వరానీ భాషలో అగయితే అంటే ఇదిగో ఇంకాసేపట్లో అని అర్థం. అది పుస్తకాల్లో అర్థం. కుళాయి బాగుచేసేవాడు అగయితే అన్నాడంటే ఆ నెలలో రాడు. ఆఫీసులో గుమాస్తా అన్నాడంటే ఇంటికెళ్ళిపొమ్మని. పెళ్ళెప్పుడని అడిగితే కుర్రాడు అగయితే అన్నాడంటే ఆ పిల్ల ఇంకొకణ్ణి చూసుకోవడం మంచిది. లేదని మొహం మీద చెప్పడం మర్యాద కాదు గనక ఈ దేశం ఆ మాటని కనిపెట్టుకుంది. ఇంకే దేశంలోనైనా ఆ మాటకి మనిషి కూర్చుని ఎదురుచూస్తాడేమో, ఇక్కడ మాత్రం టోపీ పెట్టుకుని లేచిపోతాడు.

"ఇంతవరకే రాసి ఉంటాడు మాస్టారు. మిగతాది తర్వాత చూద్దాంలే అని వదిలేశాడు."

"ఆయనా అంతేనా," అంది న్యా ఎలీహియా నిరాశగా. "అందరు మగాళ్ళలాగే."

"ఉండండి, తోసి చూస్తాను." సునిల్డా వేగం మీటని చివరిదాకా నొక్కింది. వెనకనుంచి న్యా ఎలీహియా, కదిలింది, కదిలింది అంది. సునిల్డా వెంటనే వేగాన్ని మళ్ళీ తగ్గించింది. మిగతా సగం పువ్వు మెల్లగా నడిచింది. సూది చప్పుడు మళ్ళీ మొదలైంది. సునిల్డాకి తనమీద తనకే మెచ్చుకోలు కలిగింది.

చివరి ముడి బిగించాక న్యా ఎలీహియా గుడ్డ కత్తిరించింది. పువ్వు ఆవిడ అరచేతిలో పడింది. పడి, అలాగే చప్పబడిపోయింది. రేకులు తలెత్తలేదు. పోగులు వదులై, నడుమ ఉన్న ముడి జారి, ఉతికి పిండని గుడ్డపేలికలా తయారైంది.

"చూడు," అని ఆవిడే సునిల్డా ఒళ్ళోకి విసిరింది. "ఇప్పుడు చూడొచ్చు. ఇది నాది కాదు. నీ మిషను నా పువ్వుని పీక పిసికి ఇచ్చింది."

"నేను చెప్పినట్టే చేసింది న్యా ఎలీ. అన్ని గీతలూ గీసింది."

"గీతలదేముందే, ఎవరైనా గీస్తారు." ఆవిడ బుట్ట సర్దుకుంది. ఎడమచేత్తో గడియ తియ్యడానికి కాస్త అవస్థపడింది. సాయం చెయ్యబోతే మోచేత్తో తోసేసింది. "ఇంక నాకు ఓపిక లేదు. ఆ డిస్కు నువ్వే ఉంచుకో."

ఆ మర్నాడు ఆవిడ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. సునిల్డాకి రెండు రకాలుగానూ కష్టంగానే ఉంది. ముసలావిడ ఏడుపు మొహం ఒకటి, పని ఓడిపోవడం ఒకటి. మధ్యాహ్నాలు ఉయ్యాలలో పడుకుని ఆ చచ్చిన పువ్వుని వేళ్ళతో నలుపుతూ ఉండేది. మాస్టారు మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చేవాడు.

ఒకరోజు అలా మగతగా ఉండగా ఆయన కలలోకొచ్చాడు. వచ్చి ఏమీ చెయ్యలేదు, బళ్ళో తన బల్లముందు కూర్చున్నాడు. గది ఖాళీ. సుద్దముక్క బల్లమీద ఉంది. కిటికీలోంచి లపాచో పూల గులాబీరంగు లోపలంతా పరుచుకుంది. ఆయన గుమ్మం వైపు చూస్తున్నాడు. కలలో సునిల్డా పొట్టి గౌను వేసుకుని గుమ్మం బయటే నిలబడిపోయింది, లోపలికి వెళ్ళడానికి సిగ్గుగా ఉంది. ఎందుకు సిగ్గో కలలో తెలియలేదు.

మెలకువ వచ్చాక తెలిసింది. అది కల కాదు, జరిగిందే. లెక్కల పుస్తకం చూపించమంటే, అగయితే మాస్టారూ అని చెప్పి ఆమె ఇంటికి పారిపోయి ఆడుకుంది. బడి కాపలామనిషి చీకటిపడ్డాక తాళం వెయ్యబోతే మాస్టారు ఇంకా లోపలే కూర్చుని ఉన్నాడట. ఆ పిల్ల వస్తానంది కదా అన్నాడట. ఆ సంగతి తెలిసి ఊరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మాటకి ఉన్న అర్థమే తీసుకునే వెర్రిబాగులవాడు దేశం మొత్తానికి ఒక్కడున్నాడని, వాణ్ణి మన బళ్ళో పెట్టారని చెప్పుకున్నారు.

అలాంటివాడు తెరమీద అగయితే అని రాశాడంటే నిజంగానే కాసేపు ఆగమని, తనేమో దాన్ని తోసుకుపోయింది. సునిల్డా ఉయ్యాలలోంచి దిగింది. చంకలో మడిచే కంప్యూటరు పెట్టుకుని, ఊరంతా పడుకున్న వేళలో, మెత్తబడ్డ తారు మీద చప్పచప్పమంటూ నడిచి వెళ్ళి న్యా ఎలీహియా తలుపు కొట్టింది.

"ఎవరా మర్యాద తెలియని ముండ?" అంది లోపలి గొంతు.

"సునిల్డాని. ఒక్క మాట అడిగి పోతాను. అగయితే అని మాస్టారు ఎప్పుడైనా మీతో అన్నాడా?"

తలుపు తెరుచుకుంది. న్యా ఎలీహియా తువ్వాలు లేకుండా, తెల్లజుట్టు విరబోసుకుని నిలబడింది. "ఆయన ఎప్పుడూ అనలేదు. వస్తే వస్తాననేవాడు, రాకపోతే రాననేవాడు. మొహమాటం తెలియని మనిషి."

"మరి ఎవరి మాట రాశాడది?"

ఆవిడ జవాబు చెప్పబోయి ఆగింది. గుమ్మాన్ని ఆనుకుంది. మొహంలో ఏదో మెల్లగా కదలడం సునిల్డా చూసింది.

"నా మాట," అంది న్యా ఎలీహియా. "నేను అనేదాన్ని. సగం అయ్యాక లేచి, అగయితే మాస్టారూ, అని లోపలికెళ్ళేదాన్ని."

"ఎందుకు?"

"ఎందుకంటే..." ఎడమచెయ్యి గాల్లోకి లేచింది, నోటిదగ్గరికి వెళ్ళింది. బుగ్గలు పొంగించి, పెదాలు ముడిచి, లేని నీళ్ళని గాల్లోకి చిమ్మింది. తన నోరు చేసిన పనిని తనే ఆశ్చర్యంగా చూసుకుంది. "గంజి. పలచటి కర్రపెండలం గంజి నోట్లో పోసుకుని పోగుల మీద చిమ్మేదాన్ని. చట్రాన్ని ఉత్తరపుగాలికి పెట్టేదాన్ని. పోగులు సగం ఆరి బిగుసుకోవాలి. అప్పుడు ముడేస్తే రేకు తలెత్తుతుంది. అది గీతల్లో లేదు పిల్లా. గీతల్లో ఎలా ఉంటుంది?"

ఆవిడ అక్కడే గడప మీద కూర్చుని ఏడ్చింది. సంతోషంతో ఏడ్చింది, అందులో ఇంకేదో కూడా ఉంది.

పెరటి వసారాలో బల్ల వేసి కంప్యూటరు పెట్టారు. ఈసారి కూడా సునిల్డా వీపు తిప్పుకునే కూర్చుంది. షరతు షరతే. పువ్వు మొదలైంది, సూది దాని వెంట నడిచింది, సగానికి వచ్చి తెర ఆగింది. న్యా ఎలీహియా గిన్నెలోంచి గంజి పుక్కిట పట్టి చిమ్మింది. సన్నటి తుంపర సునిల్డా మెడమీద కూడా పడింది. చట్రాన్ని స్తంభానికి ఆనించింది. వేడిగాలి ఉత్తరం నుంచి మామిడిచెట్టుని దువ్వుకుంటూ వచ్చి దానిమీంచి పోయింది.

"ఎంతసేపు?" అంది సునిల్డా.

"నాకేం తెలుసు? నేను వెళ్ళి పడుకునేదాన్ని."

"పడుకునేవారా? మరి మాస్టారు?"

"ఇక్కడే కూర్చునేవాడు. పోగుల మీద ఈగ వాలకుండా విసురుతూ. నేను ఒళ్ళెరక్కుండా నిద్రపోయి లేచి వస్తే, అలాగే ఉండేవాడు." న్యా ఎలీహియా తెరవైపు చూసింది. "ఎంత నిద్రపోయేదాన్నో అంతా రాసుకున్నాడు కాబోలు."

ఇద్దరూ ఎదురుచూశారు. తెరెరె ఆకు మీద చల్లటి నీళ్ళు పోసిన పాత్రని గొట్టంతో ఒకరి తర్వాత ఒకరు పీల్చుకున్నారు. ఐసు ముక్కలు కరిగిపోయాయి. గాలికి వసారాలోని ఫెర్న్ తొట్లు ఊగాయి, కోడి ఒకటి వచ్చి కంప్యూటరు తీగని పొడిచి చూసి నచ్చక పోయింది. ఎక్కడో రేడియోలో వీణ లాంటి హార్పు ఒకటి మోగుతూ మోగుతూ, తనకీ నిద్రొచ్చినట్టు ఆగింది. తెరమీద ఆ ఒక్క మాట వెలుగుతూనే ఉంది. కాసేపటికి ఎదురుచూస్తున్నది తమ ఇద్దరే కాదనిపించింది సునిల్డాకి. మూడో కుర్చీ ఖాళీగా ఉంది. దానిమీదికి ఎండ జరిగింది, మళ్ళీ పక్కకి జరిగింది. ఆ కుర్చీలో ఎవరో బిగుసుకుని కూర్చుని ఈగలు తోలుతున్నారని ఎవరైనా అంటే ఆ గడియలో ఆమె నమ్మి ఉండేది.

"నన్నెప్పుడూ ఏమీ అడగలేదు," అంది న్యా ఎలీహియా సగం నిద్రలో. "ఒక్కసారి అడిగుంటే బాగుండేది. నేను పొగరుమోతుదాన్ని, కాదనేదాన్నేమో. అయినా అడిగుంటే బాగుండేది."

సునిల్డా తెరెరె పాత్ర కింద పెట్టింది. ఆమెకీ కళ్ళు మూతలు పడుతున్నాయి.

"లే. లే పిల్లా. కదిలింది."

తెర తనంతట తనే కదిలింది. మాట పోయింది, గీత మొదలైంది. న్యా ఎలీహియా చట్రాన్ని తడిమింది. పోగులు బిగిశాయి, వేలితో మీటితే చిన్నగా పలికాయి. సూది తీసుకుంది. మొదటి ముడి వేసి లాగింది. ముడి బిగియలేదు. ఈ ముడికి బలం కావాలి. మొదటి సగంలో ఎడమచెయ్యి ఎలాగో నెట్టుకొచ్చింది, ఇప్పుడు లాగవలసిన చోట వేళ్ళు మాట వినలేదు. మళ్ళీ లాగింది. సూది జారి నేలమీద పడింది. సునిల్డా వంగి, తల తిప్పకుండానే, చేత్తో తడిమి సూది వెతికి వెనక్కి అందించింది. అది మళ్ళీ పడింది.

గీత ఆగలేదు. ముందుకి పోతోంది. గాలి పోగుల్ని ఇంకా ఇంకా ఆరబెడుతోంది. కాసేపైతే అవి బిరుసెక్కి ముడి పట్టవు.

వెనక న్యా ఎలీహియా ఊపిరి బరువుగా తీస్తోంది. పిలవడానికి ఆవిడకి ఎంత కష్టమవుతోందో వీపుతోనే తెలుసుకుంది సునిల్డా. జీవితమంతా బోర్లా వేసిన చట్రం అది. తనే తిరిగిపోదామా అనుకుంది, తిరగలేదు. తనంతట తను తిరిగితే అది దొంగతనమవుతుంది.

"ఇటు తిరుగు," అంది న్యా ఎలీహియా. "తిరిగి ఈ చట్రం పట్టుకో."

ఆ ఊళ్ళో పుట్టిన ఆడపిల్లకి సూది పట్టడం రాకపోవడం ఉండదు. ఇష్టం లేకపోవడం ఉంటుంది. సునిల్డా బళ్ళో అల్లిక టీచరు చేత చీవాట్లు తిని వదిలేసిన పని అది. చట్రం ఒళ్ళోకి తీసుకుని తెరవంక చూసింది. నల్లటి తెరమీద ఆకుపచ్చ గీత ఒకటి, నీళ్ళలో పాములా కాకుండా, ఆలోచిస్తూ నడిచే మనిషిలా వెళుతోంది. ఒక పోగు పైనుంచి, రెంటి కిందనుంచి, వెనక్కి తిరిగి తనమీంచే తను దాటి. ఓహో, ఇటా, అనుకుంది సునిల్డా. ఇంత చిన్న మలుపా.

మొదటి ముడి వేసేసరికి గీత రెండు ముళ్ళు ముందుంది. రెండోది వేసేసరికి ఇంకా దూరం పోయింది.

"నేను అందుకోలేను న్యా ఎలీ. మీరు చాలా వేగం."

"ఏ మీట?"

"ఏమిటి?"

"మెల్లగా నడిపించే మీట ఏదే?"

సునిల్డా గడ్డంతో చూపించింది. న్యా ఎలీహియా ఎడమచెయ్యి చాపి, చూపుడువేలితో, వేడి పెనాన్ని ముట్టుకున్నట్టు జాగ్రత్తగా ఒకసారి నొక్కింది. సునిల్డా వేళ్ళవంక చూసింది. మళ్ళీ నొక్కింది. తన చెయ్యి ఒకప్పుడు పరిగెత్తిన చోట గీత ఇప్పుడు తప్పటడుగులు వేస్తోంది.

"చాలా?"

"ఇంకొంచెం."

"ఇంత మొద్దువేళ్ళేంటే నీకు," అంటూ ఇంకోసారి నొక్కింది. తర్వాత ఆ చెయ్యి మీట మీద నుంచి తియ్యలేదు. సునిల్డా వెనకబడితే గీతని ఆపినంత పని చేస్తూ, అందుకుంటే వదులుతూ, నోటితో చెబుతూ పోయింది. "లాగు. భయపడకు, తెగదు. ఇప్పుడు వదులు. ఆ పోగు కాదు, దాని చెల్లెలు." మొహం ఎర్రబడింది, తెల్లజుట్టు గాలికి నోట్లోకి పోతోంది, అయినా పట్టించుకోలేదు.

పువ్వు పూర్తయ్యేసరికి ఊరు లేస్తోంది. ఎక్కడో మోటారుబండి దగ్గింది, తలుపుల గడియలు ఒక్కొక్కటే తీస్తున్నారు. రేకులు తలెత్తాయి. అన్నీ కాదు. ఒకటి వంకరగా లేచింది, ఒకటి లేద్దామా వద్దా అన్నట్టు మధ్యలో ఆగింది. సునిల్డా భయంభయంగా న్యా ఎలీహియా మొహం చూసింది. ఆవిడ వంకర రేకుని వేలికొనతో సరిచెయ్యబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాది ఇలా ఉండదు," అంది చివరికి. "ఇది నీది."

ఇంతలో పెరటి గేటు కిర్రుమంది. సాయంత్రపు చీపా రొట్టెలు అమ్మే బ్లాసిదా తలమీద బుట్టతో లోపలికొచ్చింది. ఆమె కూడా పొద్దున్నపూట లేసు అల్లే మనిషే. "వేడివేడిగా ఉన్నాయి న్యా ఎలీ," అంటూ దగ్గరికొచ్చి, సునిల్డా ఒళ్ళోకి తొంగిచూసింది. సునిల్డా గతుక్కుమని చట్రం మీద రెండు చేతులూ కప్పేసింది.

న్యా ఎలీహియా వచ్చిన మనిషివంక చూడలేదు. సునిల్డా చేతులవంకే చూస్తూ, తన పని చెయ్యని కుడిచేతిని మెల్లగా ఎత్తి వాటిమీద పెట్టింది.

"చేతులు తియ్యవే," అంది. "ఆమెని చూడనీ."